గ్యాస్ ఉన్న ఊరికి వాటా ఏది?

ప్రగతినగర్‌లో మా ఇంటికి కాస్త దూరంలోనే ఇన్‌కాయిస్ ఉంది. సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని, అలలు ఎంత ఎత్తున లేస్తాయో, చేపలు ఎటు పడతాయో తీరం వాళ్లకు చెప్పే ఆఫీసు అది. ఆ తీరంలోనే, కోనసీమలో, మా అత్తయ్య వాళ్లుంటారు. అక్కడ బోరు నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోతాయి. అందుకని టీకి కూడా 20 లీటర్ల టిన్ను కొనాల్సిందే. అదే నేల కింద నుంచి దశాబ్దాలుగా గ్యాస్ తీస్తున్నారు.

గ్యాస్ వల్ల ఆ ఊళ్లకు ఏం దక్కిందో చూద్దాం. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుంటే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో (ఇక్కడి నగరం కాదు, ఆ ఊరి పేరే నగరం) గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా పోయారు. నీటి తడి లేని గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారు, ఇనుము లోపలి నుంచే తినేసింది. మత్స్యకారుల కథ ఇంకోటి. 2012లో గుజరాత్ ప్రభుత్వ చమురు కంపెనీ జీఎస్‌పీసీ డ్రిల్లింగ్‌తో ముమ్మిడివరం వైపు వేట ఆగింది. ఏడు నెలల బకాయి పరిహారం, ఇంటికి 47,250 రూపాయలు, చేతికొచ్చింది 2019 నవంబరులో! అదీ రాష్ట్ర ఖజానా నుంచి. ఏడు నెలల కూటికి ఏడేళ్లు ఎదురుచూపులు.

నష్టం జరిగాక ఇచ్చేది పరిహారం. నేనడిగేది వాటా. కొత్తగూడెం బొగ్గు ఊళ్లకు ఆ హక్కు ఎంతోకొంత ఉంది. 2015 గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులైతే రాయల్టీలో (ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) 30 శాతం, కొత్తవైతే 10 శాతానికి సమానమైన సొమ్ము కంపెనీలు అందులో వేయాలి. ఆ డబ్బు ఖర్చయ్యే తీరు మీద నాకూ బోలెడు ఫిర్యాదులున్నాయి, అది వేరే సంగతి. కానీ ఆ గనుల చట్టం చమురు, గ్యాస్‌లను ముందే పక్కన పెట్టేసింది. సముద్రంలో తీసిన గ్యాస్ రాయల్టీ కేంద్రానికే పోతుంది. ఇక ఊరికి మిగిలేది సీఎస్ఆర్, కంపెనీలు సామాజిక బాధ్యత పేరుతో పెట్టే ఖర్చు. అంటే కంపెనీ దయ: ఈ ఏడు బడికి బెంచీలు, వచ్చే ఏడు ఏమిస్తారో వాళ్లిష్టం.

ఈలోగా సముద్రం ఆగట్లేదు. ఉప్పాడలో రాళ్లు పోసినా రోడ్డు కోసుకుపోతూనే ఉంది. ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో గోదావరి డెల్టా కుంగుతోంది. గ్యాస్ తోడటం కూడా కారణమేనని కోనసీమ రైతులు ఎప్పటినుంచో అంటున్నారు. ఇది ఉత్త భయం కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో గ్యాస్ తీతతో నేల కుంగి, భూకంపాలొచ్చి, చివరికి 2023లో ఉత్పత్తి ఆపేశారు. మన ఉప్పల్‌లోనే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. ఏ ఊరు ఏటా ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి, ఆ లెక్క పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించడం అంత పెద్ద పనా? ఖర్చు గ్యాస్ తీసేవాళ్లే పెట్టుకోవాలి.

బొగ్గు ఊళ్లకున్నలాంటి నిధి గ్యాస్ ఊళ్లకూ పెట్టడానికి చట్టంలో చోటు వెతకాల్సిన పని కూడా లేదు. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టాన్ని 2025లోనే సవరించారు. లీజుదారులకు షరతులు మధ్యలో మారకుండా స్థిరత్వం ఇవ్వాలని అందులో రాశారు. బావి పక్కన బతికేవాళ్లకు నిధి ఊసు మాత్రం లేదు. మన ఎంపీలు కూడా ఉన్న పార్లమెంటు ఆమోదించిన సవరణే అది.