ముందు పాదం కొలవండి

కవాతు మైదానంలో అన్ని బూట్లూ బాగానే కనిపిస్తాయి. వీపున పాతిక కిలోల మూట, కాళ్లకు తడిసిన మేజోళ్లు, నడవాల్సిన దూరం ఇంకా పది కిలోమీటర్లు ఉన్నప్పుడు గానీ ఏది ఎలాంటిదో తేలదు. అయినా సైనిక దళాల కొనుగోలు విభాగాలు మొదలుకొని సొంత డబ్బుతో కొనుక్కునేవారి దాకా కాంబాట్ బూటు ఎంపికలో మొదట చూసేవి రంగు, ఎత్తు, ధర. పాదం కొలత వంతు చివర్లో వస్తుంది, అదీ పొడవు ఒక్కటే. ఈ వరస తిరగబడాలని మేం కోరుతున్నాం.

పొడవు ఒకటే అయిన రెండు పాదాల వెడల్పులో సెంటీమీటరు తేడా ఉండటం మామూలే. వెడల్పు చాలని బూటు చేతికొస్తే ఎక్కువమంది ఒక సైజు పెద్దది అడుగుతారు. వేళ్ల దగ్గర బిగువు తగ్గుతుంది కానీ అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. పాదం వంగేది బొటనవేలి మొదట్లో ఉన్న కీలు దగ్గర. బూటు వంగే చోటు దానికంటే ముందుకు జరిగిపోతుంది. మడమ ప్రతి అడుగుకూ లేచి పడుతూ ఉంటుంది. రోజు గడిచేసరికి మడమ వెనక పొక్కు, వేళ్ల మీద తోలు మడత ఒత్తిన గుర్తు. నాటో దేశాల్లో వాడుకలో ఉన్న మోండోపాయింట్ పద్ధతి ఈ తప్పును మొదట్లోనే ఆపుతుంది. బూటు మీద 270/106 అని ఉంటే అది 270 మిల్లీమీటర్ల పొడవు, 106 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పాదానికి తయారైనదని అర్థం. ఆ అంకెలు పాదానివి, బూటువి కావు. ప్రతి సైజులో కనీసం మూడు వెడల్పులు లేని సరఫరాను అసలు పరిశీలనకే తీసుకోకూడదు.

పురుషుల బూట్లలో చిన్న సైజు తీసి మహిళలకు ఇవ్వడమూ ఇలాంటి తప్పే. పాదం ముందు భాగంతో పోలిస్తే మహిళల మడమ సాధారణంగా సన్నగా ఉంటుంది. ముందు సరిపోయిన బూటు వెనక వదులవుతుంది, లేసు ఎంత లాగినా ఆ ఖాళీ పూడదు. వేరే అచ్చు మీద కుట్టించాల్సిందే.

పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. బరువు మోస్తే ఇంకాస్త పరుచుకుంటుంది. అందుకే కొలత సాయంత్రం, నిలబడి, రెండు పాదాలకూ తీయాలి. ఏది పెద్దదైతే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నడకలో వేసుకోబోయే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. అంతకంటే ముందు ఇన్‌సోల్‌ను, అంటే బూటు లోపల అరికాలి కింద ఉండే మెత్తను, బయటికి లాగి దాని మీద నిలబడితే చాలా విషయాలు అక్కడే తేలిపోతాయి. పొడవైన వేలికి ముందు 10 నుంచి 15 మిల్లీమీటర్లు మిగలాలి. అందరికీ పొడవైనది బొటనవేలే కాదు, కొందరికి పక్క వేలు. పాదం అంచులు ఇన్‌సోల్ దాటి పొర్లితే ఆ జతను పక్కన పెట్టేయడమే. తర్వాత లేసు కట్టి, మూట వేసుకుని వాలు మీదుగా దిగాలి. వేళ్లు ముందు తగిలాయంటే ఇరవై కిలోమీటర్ల తర్వాత గోళ్లు నల్లబడతాయి. మడమ రెండు మూడు మిల్లీమీటర్లు లేస్తే కొత్త బూటుకు తప్పదు, సెంటీమీటరు లేస్తే ఎన్నాళ్లు తొడిగినా దారికి రాదు. ‘వాడగా వాడగా సాగుతుంది’ అనే దుకాణం మాట తోలు విషయంలో కొంతవరకే నిజం. వెడల్పు కాస్త సాగొచ్చు, పొడవు సాగదు.

చెప్పు కరిచిందంటే తోలు గరుకు అనుకుంటాం. నిజానికి చర్మం మేజోడుకు అంటుకుని ఆగిపోతుంది, లోపల ఎముక కదులుతుంది. ఆ రెంటి మధ్య చర్మపు పొరలు సాగి, చీలి, నీరు చేరుతుంది. తడి చర్మం ఇంకా గట్టిగా అంటుకుంటుంది. అందుకే చెమట పీల్చి తడిగానే ఉండిపోయే నూలు మేజోడు సుదీర్ఘ నడకకు పనికిరాదు. ఉన్నిలో సింథటిక్ దారం కలిపినది మేలు, దాని లోపల లైనర్ అనే పలుచని మేజోడు వేస్తే మరీ మేలు. రాపిడి చర్మం మీద పడకుండా రెండు మేజోళ్ల మధ్యకు పోతుంది. పాదం మలుపు దగ్గర లేసును రెండుసార్లు మెలేసి బిగిస్తే మడమ వెనక్కి కూర్చుంటుంది. ఖర్చు లేని ఈ చిట్కాను శిక్షణ మొదటి రోజే ఎందుకు నేర్పరో తెలియదు.

అన్ని నేలలకూ, అన్ని కాలాలకూ ఒకే బూటు అన్నది గోదాము సౌకర్యం కోసం పుట్టిన మాట. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల జంగిల్ బూట్లకు పైభాగం గుడ్డది, పక్కన నీళ్లు పోవడానికి రంధ్రాలు. మొనదేలిన వెదురు మేకులు దిగకుండా అడుగున ఉక్కు రేకు. వాగు దాటాక ఆ బూటు తొందరగా ఆరేది. 1982లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల యుద్ధంలో బ్రిటిష్ సైనికులు డీఎంఎస్ అనే పొట్టి బూట్లతో చలి నీటి బురదలో దిగారు. బూట్లలోకి నీరు చేరింది, ఎందరికో పాదాలు చెడ్డాయి. నీరు చొరని పొర ఉన్న బూట్లే దీనికి జవాబు అనుకోవడమూ తొందరపాటే. చలి తడిలో అవి బాగా పనిచేస్తాయి. వేడిలో మాత్రం చెమటను త్వరగా వదలవు, పై అంచు మీదుగా లోపలికి చేరిన నీళ్లకు బయటికి దారి ఉండదు. మోకాలి లోతు వాగులు దాటేవారికి ఆ పొర భారమే.

పాదం మీద మోసే బరువు అదే బరువు వీపు మీద ఉన్నప్పటికంటే సుమారు అయిదు రెట్లు శ్రమ పెడుతుంది. జత బరువు 200 గ్రాములు తగ్గితే మూటలోంచి కిలో తీసేసినట్టే. కాబట్టి వేళ్ల మీద ఉక్కు తొడుగు, మరీ ఎత్తయిన పైభాగం నిజంగా అవసరమైన విధులకే ఉంచాలి. పక్క జిప్పు తొడగడానికి సులువే కానీ మట్టి పట్టగానే మొరాయించేది అదే.

ఇక మన్నిక. బూటును ముందూ వెనకా పట్టుకుని మెలేయండి. బట్ట పిండినట్టు తిరిగిపోతే లోపల షాంక్, అంటే అడుగు నడుమ ఉండే గట్టి పట్టీ, బలహీనంగా ఉంది. వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, నడుమ వంగితే అరికాలు నొప్పి తప్పదు. అడుగు గాడులు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు ఉండి, అంచుల వైపు తెరుచుకుని ఉంటే బురద రాలిపోతుంది. 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరులను పోగొట్టుకున్న ఇటలీ పర్వతారోహకుడు విటాలే బ్రమానీ 1937లో తెచ్చిన విబ్రామ్ రబ్బరు సోలే నేటి లోతు గాడుల సోళ్లకు మూలం. వెల్ట్ కుట్టుతో, అంటే బూటు చుట్టూ ఉండే పట్టీకి కుట్టి, బిగించిన సోల్ అరిగితే మార్చుకోవచ్చు, జిగురుతో అంటించినది ఊడితే బూటంతా పోయినట్టే లెక్క.

గోదాముల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇన్‌సోల్‌కూ అడుగు సోల్‌కూ మధ్య ఉండే మెత్తని పొరను మిడ్‌సోల్ అంటారు. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసిన మిడ్‌సోల్ తేమ తగిలి లోలోపలే విచ్ఛిన్నమవుతుంది. వాడకుండా పెట్టెలో ఉంచినా అంతే. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న కొత్త జత మొదటి నడకలోనే పొడి పొడిగా రాలడానికి కారణం ఇదే. బొటనవేలితో మిడ్‌సోల్‌ను నొక్కినప్పుడు పగుళ్లు తేలినా, పొడి రాలినా ఆ జతను ఎవరికీ ఇవ్వకూడదు. ప్రతి బూటు మీద తయారీ నెల, సంవత్సరం ముద్ర ఉండాలి. ముందు వచ్చినవి ముందు పోవాలి. టోకు ధర తగ్గుతుందని ఎన్నో ఏళ్ల అవసరాన్ని ఒకేసారి కొని పడేయడంలో మిగిలేది ఏమీ లేదు.

ఒక్కొక్కరికి రెండు జతలు ఇవ్వాలన్నది మా మరో సూచన. నానిన తోలు లోపలి దాకా ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు. ఇన్‌సోల్ తీసి, లోపల కాగితాలు కుక్కి, అవి తడవగానే మారుస్తూ నీడలో ఆరబెట్టాలి. మంట దగ్గర పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, జిగురు వదులుతుంది. పెద్ద ఎత్తున కొనేముందు వేర్వేరు పాదాలున్న కొద్దిమందికి ఇచ్చి, తడి నేల మీదా రాతి నేల మీదా బరువుతో కొన్ని వారాలు నడిపించి, పొక్కులనూ అరుగుదలనూ రాసిపెట్టాలి. ఒకసారి వాడిన జత అయినా సరిపోకపోతే మార్చి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో లేకపోతే దాని మీద సంతకం చేయకూడదు.