బల్లిగారి అసలు రంగు

తెలుగు జాతి ఇంతవరకూ పట్టించుకోని ఒక తీవ్రమైన సమస్యను ఈ వారం ప్రస్తావించక తప్పడం లేదు. తెల్లని బ్యాక్‌గ్రౌండ్ మీద బల్లికి ఫోటో తీస్తే దాని రంగు ఉన్నది ఉన్నట్టు రావడం లేదు.

నవ్వకండి. డల్లాస్‌లో మా ఇంట్లో లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి ఉంది. పదకొండేళ్ళ మావాడి పెంపకం. తెనాలిలో మా అమ్మ చీపురు తిరగేసి తరిమిన జాతికి ఇక్కడ గాజు ఇల్లు, అడుగున వేడి ప్యాడ్, కాల్షియం పొడి అద్దిన పురుగులతో భోజనం. పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుందట. అంటే మావాడు కాలేజీకి వెళ్ళాక ఆ పురుగులు వడ్డించేది ఎవరో చెప్పక్కర్లేదు. దీని పూర్వీకులవి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ళగుట్టలు. కాబట్టి ఇదీ మనవైపు నుంచి వలస వచ్చిందే. కాకపోతే వీసా ఫోటో ఎవరూ అడగలేదు.

ఆ లోటు తీర్చాలని మావాడి పట్టుదల. గెకోల్లో రంగును బట్టే ధర. మాది 'టాంజరీన్', అంటే కమలాపండు రంగు. అది అలాగే రావాలి.

తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మనవాళ్ళకి కొత్తేమీ కాదు. అమెరికా వీసాకి రెండంగుళాల ఫోటో, పళ్ళు కనబడకూడదు, 2016 నుంచి కళ్ళజోడు కూడా ఉండకూడదు. మా బల్లి ఆ పరీక్షలో తప్పుతుంది. దానిది పుట్టుకతోనే నవ్వుమొహం. పైగా చాలా గెకోలకు లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి. సరిగ్గా క్లిక్‌మనే సమయానికి మూస్తుంది.

మొదటి ఫోటోలో తెల్ల అట్ట బూడిద రంగులో వచ్చింది. కెమెరాకి ఒక మూఢనమ్మకం ఉంది, లోకమంతా సగటున బూడిద రంగులోనే ఉంటుందని. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కాస్త పెంచాను. అట్ట తెల్లబడింది, దాంతోపాటు బల్లి కూడా. తర్వాతి ఫోటోలో ఎడమ పక్క వంటింటి బల్బు, కుడి పక్క కిటికీ వెలుతురు. "ఒకవైపు కామెర్లు, ఇంకోవైపు చలిజ్వరం వచ్చినట్టుందిరా" అంది అమ్మ. బల్బు ఆర్పేశాను. ఈసారి పొట్ట కింద ఆకుపచ్చ. దానికి కారణం నా టీ షర్టు. మార్చుకొచ్చి, అట్ట బదులు ప్రింటర్ కాగితం వేస్తే అది నీలంగా మెరిసింది. ఆ కాగితాల్లో కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాలు తగలగానే నీలి వెలుగు చిమ్ముతాయట. తెల్లకాగితం కూడా నీలిమందు పెట్టుకునే తెల్లబడిందని ఈ వయసులో తెలిసింది.

ఈలోగా బల్లి నా భుజం మీదికి పాకింది. పాకడం 'బల్లిపాటు' కిందికి వస్తుందా రాదా అని అమ్మ పంచాంగం తీసింది. ఆవిడ కంచి బంగారు బల్లిని ముట్టుకొచ్చిన మనిషి కాబట్టి, ఎందుకైనా మంచిదని ఆవిడని ముట్టుకున్నాను.

చివరికి మావాడు గ్రే కార్డు తెచ్చాడు. ఏ రంగువైపూ మొగ్గని బూడిద రంగు అట్టముక్క. బల్లి పక్కన పెట్టి ఒక ఫోటో తీసి, ఇదే ప్రమాణమని కంప్యూటర్‌కి చెబితే మిగతా రంగులన్నీ దారికొస్తాయి. వచ్చాయి కూడా. కమలాపండు కమలాపండులాగే ఉంది.

కానీ అసలు రంగంటే ఏది? పిల్లప్పుడు దీని ఒంటి మీద పట్టీలు, పెద్దయ్యాక మచ్చలు. కుబుసం విడిచే ముందు సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. దీని దూరపు చుట్టం క్రెస్టెడ్ గెకో అయితే పగలొక రంగు, రాత్రొక రంగు. పోనీ బల్లినే అడుగుదామా అంటే, మనకి అంతా నలుపు తెలుపుగా కనిపించే మసక వెన్నెల్లో కూడా హెల్మెట్ గెకో అనే ఇంకో బల్లి రంగులు పోల్చుకుంటుందని 2004లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. ఆ కళ్ళకి మన ఫోటోలు ఎలా కనిపిస్తాయో!

రంగు పిచ్చి మాత్రం మనుషులదే. లెపర్డ్ గెకోల్లోనే లెమన్ ఫ్రాస్ట్ అనే తెల్లగా మెరిసే రకం కోసం పెంపకందార్లు ఎగబడ్డారు. ఆ మెరుపుతో పాటే చర్మంలో కణితులు కూడా వస్తున్నాయి. రెండింటికీ మూలం ఒకే జన్యువులో ఉందని 2021లో తేల్చారు. తెల్లతోలు మోజు మన ఒక్కరి సొత్తు కాదని నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం.

థ్యాంక్స్‌గివింగ్‌కి మా తమ్ముడు వచ్చాడు. 34 ఏళ్ళు, సంబంధాలు చూస్తున్నాం. మనిషి చామనఛాయ. బయోడేటాలో గోధుమ రంగు. ఫోన్ ఫిల్టర్ పుణ్యమా అని ఫోటోలో మైదాపిండి.

"లైట్లూ అట్టా ఎలాగూ పెట్టావుగా. పనిలో పని, వాణ్ణీ కూర్చోబెట్టి ఒకటి తియ్యరా" అంది అమ్మ.

గ్రే కార్డు తమ్ముడి చేతికిచ్చాను. అమ్మ దాన్ని లాక్కుని గాజు ఇంటి మీద పెట్టేసింది.

"ఇది బల్లికి చాల్లే."