గేజి మారిన రోజును మనం ఎందుకు తలచుకోము?

ప్రతి ఏటా ఏప్రిల్ 16 రాగానే, 1853లో బోరిబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచిన తొలి ప్రయాణికుల రైలు గురించి అందరూ రాస్తారు, రాయవలసిందే. అయితే 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచిన దక్షిణాది తొలి ప్రయాణికుల రైలును చిత్తూరువాళ్లమే తలచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ రైలు చేరిన చోటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది, ఆ జిల్లాకు అప్పటి ముఖ్యపట్టణం మన చిత్తూరే.

అంతకన్నా నన్ను కలచివేసేది గేజి, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు, సంగతిని ఎవరూ పట్టించుకోకపోవడం. గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో ఆ వెడల్పును 1,676 మిల్లీమీటర్లుగా నిర్ణయించారు, అదే బ్రాడ్ గేజి; 1870లో వైస్రాయ్ మేయో ప్రభుత్వం ఖర్చు తగ్గుతుందని ఒక్క మీటరు వెడల్పుండే మీటరు గేజిని తెచ్చింది. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే బ్రాడ్ గేజి లైను రేణిగుంట మీదుగా సాగిపోగా, 1891 ప్రాంతంలో తిరుపతికి, పాకాలకు, చిత్తూరుకు దక్కింది మాత్రం మీటరు గేజి. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1892 మే నెలలో వేలమంది కార్మికులను దించి, మిగిలిన తన వెడల్పు పట్టాలను ఒక్క వారాంతంలో దేశమంతటా ఉన్న కొలతకు మార్చి రెండు కొలతల బెడద వదిలించుకుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అది మన నెత్తిన పడింది.

మా నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమస్తాగా పనిచేశాడు. ఉత్తరాదికి పోయే సరుకును రేణిగుంటలో దించి, పక్కన నిలిపిన బ్రాడ్ గేజి వ్యాగనులోకి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. నడుమ ఒక చెక్కపలక వేసి హమాలీలు మూటలు మోస్తుంటే, ఎండకు మెత్తబడిన బెల్లం గోనెలోంచి కారి హమాలీల మెడలకు అంటుకునేది. ఒక వానాకాలంలో రెండో వ్యాగను మూడు రోజులు ఆలస్యమై, టార్పాలిను కిందే మూటలు నీరుపట్టి కరిగాయి. నష్టం లెక్క రాసి చూపిస్తూ నాయన యజమానితో, "తప్పు బండిది కాదు సామీ, పట్టాలది" అన్నాడట.

2010లో పాకాల–ధర్మవరం మార్గం కూడా బ్రాడ్ గేజి అయ్యాక మా వైపు ఆ కష్టం తీరింది. ఆ రోజుకు ఎవరూ దండ వేయరు. రేణిగుంట స్టేషను ఆవరణలో రెండు కొలతల పట్టాలను పక్కపక్కనే ఒక్కో బారెడు పరిచి ఉంచాలని నా కోరిక. ఆ 676 మిల్లీమీటర్ల తేడాను పిల్లలు అడుగులతో కొలిచి చూసుకుంటారు.