బెస్టు గారి మీద ఫిర్యాదు

భాషాద్రోహుల జాబితా రాయమని నన్నడిగితే, ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌ నేషనల్ లైబ్రరీలో పనిచేసిన రిచర్డ్ ఇర్విన్ బెస్ట్ పేరుతోనే మొదలెడతాను. ఐరిష్ భాషను బతికించడానికి ఏం చెయ్యాలి? వేదికెక్కాలి. గొంతు బొంగురుపోయేదాకా అరవాలి. శాలువా కప్పించుకుని ఇంటికెళ్లి పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడాలి. నలభయ్యేళ్లుగా నేను నా భాషకు చేస్తున్న సేవ ఇదే. ఈయన మాత్రం 1904లో లైబ్రరీలో చేరి, పుస్తకాలు లెక్కపెడుతూ కూచున్నాడు.

ఐరిష్ భాషాశాస్త్రం మీదా, ఆ సాహిత్యం మీదా 1912 దాకా అచ్చయినవాటికి పట్టిక వేసి 1913లో తెచ్చాడు. అక్కడైనా ఆగాడా? తర్వాతివాటికి 1942లో ఇంకో సంపుటం. ఈ రెంటి మధ్య ఇరవైతొమ్మిదేళ్లు! ఆ టైములో నేనెన్ని తీర్మానాలు ఆమోదింపజేసేవాణ్ణి!

విట్లీ స్టోక్స్ అని ఇంకో ఐరిష్ పండితుడు. మద్రాసులో, కలకత్తాలో ఉద్యోగం చేశాడు. మన లాయర్లు నేటికీ వల్లించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఆయన చెయ్యి ఉంది. చట్టాలు రాసుకోక పాత ఐరిష్ నిఘంటువుల మీద పడ్డాడు. ఆయన రాసినవాటన్నిటికీ కూడా మన బెస్టే పట్టిక వేశాడు. ఇదో అంటురోగం లాగుంది.

అన్నిటికంటే ఘోరం ‘లెబర్ న హుయిద్రె’ వ్యవహారం. అంటే కపిలావు పుస్తకం. సుమారు 1100 నాటి తోలుప్రతి. దాని అక్షరాల వంపులు పట్టిపట్టి చూసి, ఇందులో మూడు చేతిరాతలున్నాయని 1912లో తేల్చాడు. ఆ రాసిన ముగ్గురికీ ఎ, ఎమ్, హెచ్ అని గుర్తులు పెట్టాడు. ఆ హెచ్ గారంటే మాత్రం నాకు గౌరవం. ముందువాళ్లు రాసింది అక్కడక్కడా గీకేసి, ఆ చోట తనది రాసుకున్నాడు. మా కార్యవర్గంలోకి తీసుకోదగ్గ మనిషి. బెస్టేమో మరో ఐరిష్ పండితుడు ఓస్బర్న్ బెర్గిన్‌ను తోడు చేసుకుని ఆ గ్రంథాన్ని అక్షరం పొల్లుపోకుండా 1929లో అచ్చేయించాడు. గీకడానికి ఒక్క అక్షరమైనా దొరకలేదా?

నా దారే సరైందని లెక్కలే చెబుతున్నాయి. ఐరిషే మొదటి అధికార భాష అని ఐర్లండ్ 1937 రాజ్యాంగం రాసేసింది. 2022 జనగణనలో ‘మాకు ఐరిష్ వచ్చు’ అన్నవాళ్లు 18,73,997 మంది. చదువుల బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968. మిగతా పద్దెనిమిది లక్షల పైచిలుకూ నా పార్టీయే.

ఇంత చాకిరీ చేసినా బెస్ట్ పేరు లోకానికి తెలిసింది జేమ్స్ జాయిస్ నవల ‘యులిసెస్’ వల్ల. అందులో లైబ్రరీ ఘట్టంలో ఆయన్నీ ఓ పాత్రగా కూచోబెట్టాడు. ముసలితనంలో బీబీసీ వాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి జాయిస్ గురించి మాట్లాడమంటే, ‘నేను కథలో పాత్రను కాను, బతికున్న మనిషిని’ అన్నాడని చెబుతారు.

ఇంటికొచ్చిన మైకును వద్దనుకున్నాడండీ!