పెయిన్ క్లినిక్‌కి వెళ్తే కాళ్లు పడిపోతాయా?

‘పెయిన్ క్లినిక్‌కి (దీర్ఘకాల నొప్పులకు చికిత్స చేసే చోటు) వెళ్లగానే వెన్నులో స్టెరాయిడ్ పొడుస్తారు, కాళ్లు పడిపోతాయి. లేదంటే మత్తు మందులకు అలవాటు చేస్తారు. దానికన్నా షాపులో నొప్పి బిళ్ల కొనుక్కోవడం మేలు’ అని వాట్సాప్‌లో తెగ పంచుకుంటున్నారు. నమ్మినవాళ్లకు నష్టం జరుగుతుంది కాబట్టి ఒక్కో మాటా చూద్దాం.

వెళ్లగానే సూది? నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోంది, పోటా, మంటా, తిమ్మిరా అని అడిగి, పరీక్షించాకే ఏ నిర్ణయమైనా. ఎమ్మారై ఒక్కటే చూసి సూది వేయకూడదు. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బు కనిపిస్తుంది. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ (వెన్నులో నరాల చుట్టూ ఇచ్చే స్టెరాయిడ్ సూది) ముఖ్యంగా పనికొచ్చేది నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పికి. నడుముకే పరిమితమైన నొప్పికి దాని ఫలితం అంతంతమాత్రం.

కాళ్లు పడిపోతాయా? అరుదుగా నరాలు తీవ్రంగా దెబ్బతిన్న మాట నిజమే, 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. అందుకే సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెరమీద సూది మొనను చూస్తూ, ముందు కాస్త కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) ఎక్కించి, అది రక్తనాళంలోకి పోవడం లేదని తేల్చుకున్నాకే మందు ఇస్తారు. సి-ఆర్మ్ లేకుండా చేస్తామంటే ఒప్పుకోకండి. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ లాంటివి వేసుకుంటుంటే ముందే చెప్పండి. గుండె డాక్టరును అడక్కుండా ఆపొద్దు. ఉపశమనం కొన్ని వారాలో, నెలలో ఉంటుంది. ఆ వ్యవధిలో ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. చాలామంది నొప్పి తగ్గింది కదా అని మానేసేది అక్కడే.

మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మత్తు మందులా? నరాల నొప్పికి మామూలుగా రాసేవి అమిట్రిప్టిలిన్ (తరచు రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలు), గబాపెంటిన్, ప్రిగాబలిన్. ఇవి మార్ఫిన్ జాతి మత్తు మందులు కావు. మొదట్లో నిద్రమత్తు, తూలు ఉంటాయి కాబట్టి మోతాదు మెల్లగా పెంచుతారు, ఆపేటప్పుడూ మెల్లగానే తగ్గిస్తారు. ప్రిగాబలిన్‌ను దుర్వినియోగం చేసేవాళ్లున్నారు. చీటీ లేకుండా కొనకూడనిది అందుకే.

ఇక షాపు బిళ్ల. అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, గుండెపోటు ముప్పు ఎక్కువవుతుంది. బీపీకి టెల్మిసార్టన్, దాంతోపాటు నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు వీటిని కలిపితే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినొచ్చు. జతగా ఇచ్చే ఎసిడిటీ మాత్ర పాంటాప్రజోల్ కడుపును కాపాడుతుంది గానీ కిడ్నీని కాదు.