విలన్ కనపడని యుద్ధం

ఒక డాక్యుమెంటరీ మీద ఫిర్యాదు రాస్తున్నాను. పేరు 'కంట్రోల్ రూమ్', 2004లో వచ్చింది, తీసినావిడ జెహాన్ నుజైమ్. 2003లో అమెరికా ఇరాక్ మీద యుద్ధం చేస్తుంటే, ఈవిడ కెమెరా పట్టుకుని ఆ యుద్ధాన్ని లోకానికి చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఖతార్‌లో ఒకపక్క అరబ్బీ వార్తల ఛానెల్ అల్ జజీరా ఆఫీసు, ఇంకోపక్క అమెరికా సైన్యం విలేకరుల కోసం పెట్టిన మీడియా సెంటర్. అంతా బాగానే ఉంది గానీ, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుని గంటన్నర చూశాక కూడా ఎవర్ని తిట్టాలో తేలలేదు. ప్రేక్షకుడికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

యుద్ధవార్తలు చూడటానికి ఒక పద్ధతుంది కదండీ. మనవాళ్ళు బాంబు వేస్తే ప్రతీకారం, అవతలివాళ్ళు వేస్తే దుశ్చర్య. మనవాళ్ళు పోతే పేరు, ఊరు, పిల్లల ఫోటో, అవతలివాళ్ళు పోతే ఒక అంకె. ఛానెళ్ళు పాపం ఆ శ్రమంతా అవే పడి, అరటిపండు వలిచి చేతిలో పెడతాయి. ఈవిడేమో తొక్కతో సహా గెల మొత్తం తెచ్చి ముందర పడేసింది.

సరే, అల్ జజీరానే విలన్ అనుకుందామని మొదలుపెట్టాను. అప్పటి అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ అదే చెబుతున్నాడు, బాంబు పడగానే వీళ్ళు ఆడవాళ్ళనీ పిల్లల్నీ పోగేసి చూపిస్తారని. ఇంతలో ఇరాక్ ప్రభుత్వం కూడా అదే ఛానెల్ మీద మండిపడి ఇద్దరు విలేకరుల్ని పని చెయ్యొద్దని ఆపేసిందని గుర్తొచ్చింది. పోనీ అల్ జజీరా సీనియర్ ప్రొడ్యూసర్ సమీర్ ఖాదర్ అయినా అమెరికా మీద పళ్ళు కొరుకుతాడా అంటే, యుద్ధాన్ని వెనకేసుకొచ్చిన అమెరికా ఛానెల్ ఫాక్స్ న్యూస్ ఉద్యోగమిస్తే వెళ్ళిపోతానని సిగరెట్ పొగలోంచి చల్లగా చెబుతాడు. ఇలాంటివాణ్ణి పెట్టుకుని ఏం కోపం తెచ్చుకుంటాం?

నా పక్కన మా బాబాయి ఉన్నాడు. రాజంపేట మనిషి, ఆ రోజుల్లో కువైట్‌లో డ్రైవరు. సేఠ్ ఇంట్లో టీవీలో ఇరవైనాలుగు గంటలూ అల్ జజీరానే ఉండేదట. ఈయనకొచ్చిన అరబ్బీ కూరగాయలు కొనడానికీ, బండి పక్కకి తీయమనడానికీ సరిపోయేది. కాబట్టి మాట అర్థం కాకుండా, బొమ్మలు మాత్రం చూస్తూ ఒక యుద్ధం మొత్తం చూసేశాడు. ఎవరు మంచోళ్ళో చెప్పేవాళ్ళు లేక చాలా ఇబ్బంది పడ్డాడని నా అనుమానం. "ఏముంటుందిరా, పసిపిల్లోళ్ళు ఏడిస్తే ఏ భాషలో ఏడ్చినా ఒకటే కదా" అన్నాడు. ఇలాంటి మనిషి చర్చా కార్యక్రమాలకి పనికిరాడు.

అమెరికా సైన్యం తరఫున జోష్ రషింగ్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఉంటాడు. విలేకరులకి జవాబులు చెప్పడం అతని ఉద్యోగం. నా ఆశలన్నీ ఇతని మీదే పెట్టుకున్నాను. తీరా అతనేం చేశాడు? చనిపోయిన అమెరికన్ సైనికుల్ని అల్ జజీరా చూపించినప్పుడు కడుపులో తిప్పిందట. అంతకుముందు రాత్రి అదే టీవీలో చచ్చిపోయిన ఇరాకీలని చూసి కూడా వెళ్ళి అన్నం తినగలిగానే అని గుర్తొచ్చి, అది తనని పట్టుకుని వదల్లేదని కెమెరాకే చెప్పేశాడు. యూనిఫాం వేసుకుని, యుద్ధం మధ్యలో! ఇతను తర్వాత సైన్యం వదిలేసి ఆ అల్ జజీరాలోనే చేరాడు. ఇలా అయితే ఇక సైన్యాల్లో ప్రతినిధులుగా ఎవర్ని పెట్టుకోవాలి?

కాస్త ఊరట పేకముక్కల దగ్గర దొరికింది. పట్టుకోవాల్సిన ఇరాకీ పెద్దల పేర్లు, బొమ్మలతో అమెరికా వాళ్ళు పేక అచ్చేశారు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం ఇస్పేటు ఆసు, కొడుకులు ఆఠీను ఆసు, కళావరు ఆసు. జనరల్ గారు స్టేజీ మీద ఆ సంగతి ప్రకటించి వెళ్ళిపోతే, ప్రపంచంలోని పేరున్న విలేకరులంతా ఆ పేక కోసం ఆఫీసర్ల వెంట పడ్డారు. బయట యుద్ధం నడుస్తోంది, లోపల వీళ్ళు 'ఒక్కసారి చూపించండి సార్' అంటున్నారు.

ఇరాక్‌లో ఉన్నాయని చెప్పి అమెరికా యుద్ధానికి దిగిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకనేలేదు. వాటి గురించి రాసిన వార్తల్లో మేం ఉండాల్సినంత కచ్చితంగా లేమని న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న ఒప్పుకుంది, అంటే యుద్ధం మొదలైన 14 నెలలకి. మన దగ్గర ఇంత ఆలస్యం ఉండదు, ఎందుకంటే ఒకటి రెండు క్షమాపణలు మినహా ఒప్పుకునే పనే పెట్టుకోం. భారత్-పాక్ ఘర్షణ నడుస్తున్న 2025 మే 8 రాత్రి పాకిస్తాన్‌లోని కరాచీ పోర్టు తగలబడిందని ఛానెళ్ళు ఊగిపోతుంటే బాబాయి కూడా రెండింటిదాకా మేలుకున్నాడు. స్టూడియోల్లోంచి సైరన్ మోగినప్పుడల్లా వీధిలోకి వెళ్ళి చూసొచ్చేవాడు. పొద్దున పాలప్యాకెట్ తెచ్చేసరికి కరాచీ ఎక్కడుండాల్సింది అక్కడే ఉంది. కార్యక్రమాల్లో ఆ సైరన్ మోత వాడొద్దని కేంద్ర హోంశాఖ ఛానెళ్ళకి చెప్పాల్సొచ్చింది.

ఒక్కచోట మాత్రం నా ఫిర్యాదు ఆగిపోయింది. 2003 ఏప్రిల్ 8. బాగ్దాద్‌లో అల్ జజీరా ఆఫీసు మీద అమెరికా విమానం దాడి చేసి విలేకరి తారిఖ్ అయూబ్‌ని చంపింది. ఆ ఆఫీసు ఎక్కడుందో ఛానెల్ ముందే అమెరికాకి రాసిచ్చింది. అదే రోజు విలేకరులు దిగిన పాలస్తీనా హోటల్ మీద అమెరికా ట్యాంకు గుండు పేలి ఇద్దరు కెమెరామెన్ చనిపోయారు.

మర్నాడే ఆ హోటల్ ఎదురుగా ఉన్న ఫిర్దోస్ కూడలిలో సద్దాం విగ్రహం కూలింది. లోకమంతా చూసిన సీను అది. విలేకరులు బాల్కనీలోంచి తీసుకునేంత దగ్గర. లాగింది అమెరికా సైన్యం బండి.

"ఇది నేను అప్పుడు చూశానురా, ఊరంతా వచ్చారు" అన్నాడు బాబాయి. దూరం నుంచి తీసిన ఫోటో ఒకటి ఫోన్లో వెతికి ఇచ్చాను. చుట్టూ ఖాళీ, నడిమధ్య విగ్రహం దగ్గర కొద్దిమంది, అంచున ట్యాంకులు. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో పెద్దది చేసుకుని, మనుషుల్ని ఒక్కొక్కర్నే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.