షేరు మాట వేదికెక్కితే లెక్క కూడా ఎక్కాలి

మన సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముగిసి కవి సమ్మేళనం మొదలయ్యేలోపు దొరికిన విరామంలో, ఒక పెద్దమనిషి మైకు అందుకుని బ్రెయిన్‌చిప్ కంపెనీ షేరు గురించి మాట్లాడిన సంగతి ఆ రోజు హాలులో ఉన్నవారందరికీ గుర్తుండే ఉంటుంది. అతి తక్కువ కరెంటుతో పనిచేసే కృత్రిమ మేధ చిప్పు తయారుచేసిన కంపెనీ అది, మన ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలోనే ఉంది, హైదరాబాదులో కూడా దానికి ఇంజినీర్ల బృందం ఉంది, ఇప్పుడు కొని పెట్టుకున్నవారి పిల్లలు రేపు ఇంటి అప్పు లేకుండా బతుకుతారు అని ఆయన చెబుతుంటే ముందు వరుసల్లో చప్పట్లు మోగాయి. అంతలో వెనక నుంచి ఒక అమ్మాయి లేచి, "అంకుల్, పోయిన మూడు నెలల్లో కస్టమర్ల దగ్గర నుంచి కంపెనీకి వచ్చిన డబ్బు ఎంతో కూడా చెబుతారా?" అని చాలా మర్యాదగా అడిగింది. "పండగ పూట అపశకునం మాటలెందుకమ్మా, కూర్చో" అని వేదిక మీద నుంచి జవాబు వచ్చింది. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది.

ఆ నవ్వు నన్ను చాలా బాధపెట్టింది. అంతకు కాసేపటి ముందే అదే వేదిక మీద సిద్ధాంతిగారు పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివారు. వ్యయం ఎక్కువని విన్న రాశివారు ఎవరూ ఆయన అపశకునం పలికారని తప్పుపట్టలేదు, ఎందుకంటే ఆదాయంతో పాటు వ్యయాన్నీ, గౌరవంతో పాటు అవమానాన్నీ సంవత్సరం మొదటి రోజునే నిండు సభలో విని తెలుసుకోవడం మన పెద్దలు మనకు నేర్పిన పద్ధతి. ఆ అమ్మాయి ఒక కంపెనీ విషయంలో అదే పద్ధతి పాటించమని అడిగింది.

ముందుగా కంపెనీకి దక్కవలసిన గౌరవం దక్కాలి. పీటర్ వాన్ డర్ మాడే, అనిల్ మన్కర్ కలిసి నిలబెట్టిన బ్రెయిన్‌చిప్ 2015లో ఆస్ట్రేలియా షేర్ల ఎక్స్ఛేంజీ ఏఎస్ఎక్స్‌లో చేరింది. దాని అకీడా చిప్పు వెనక ఉన్న ఆలోచన అసలైనది, అందమైనది. మామూలు చిప్పు తన ముందుకు వచ్చిన ప్రతి సంఖ్యనూ, అది సున్నా అయినా సరే, గుణించుకుంటూ పోతుంది. అకీడా మాత్రం మన మెదడులోని నాడీకణాల్లాగా, ఏదైనా మార్పు జరిగినప్పుడే మేల్కొని ఆ మార్పు మేరకే లెక్క చేస్తుంది కాబట్టి ఖర్చయ్యే విద్యుత్తు మిల్లీవాట్లలో ఉంటుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన అకీడా పీకో అనే డిజైను ఒక మిల్లీవాటు కన్నా తక్కువతో పనిచేయడం కోసం రూపొందించినది. చెవిలో పెట్టుకునే వినికిడి యంత్రానికీ, బ్యాటరీతో ఏళ్ల తరబడి నడవవలసిన సెన్సరుకూ ఇలాంటిదే కావాలి. ఇదంతా నిజం. అయితే ఈ దారిలో నడుస్తున్నది ఈ ఒక్క కంపెనీయే కాదన్నదీ నిజమే. ఐబీఎం 2014లోనే ట్రూనార్త్ చిప్పును చూపించింది, ఇంటెల్ లోయిహి పేరుతో పరిశోధన సాగిస్తోంది, చిప్పు డిజైన్లు అమ్మే ఆర్మ్ తన ఎథోస్ డిజైన్లను ఇప్పటికే తన చేతిలో ఉన్న కస్టమర్లకు అమ్ముకోగలదు.

షేరు చరిత్ర కూడా అందరి ముందూ ఉన్నదే. 2022 జనవరిలో మెర్సిడెస్ బెంజ్ తన ఈక్యూఎక్స్ఎక్స్ కారులో "హే మెర్సిడెస్" అన్న పిలుపును గుర్తుపట్టడానికి అకీడాను వాడామనీ, మామూలు పద్ధతి కన్నా అది ఐదు నుంచి పది రెట్లు సమర్థంగా పనిచేసిందనీ చెప్పగానే, అంతకు కొన్ని వారాల ముందు డాలరు కూడా లేని షేరు రెండు డాలర్లు దాటిపోయింది. ఆ కారు ప్రదర్శన కోసం చేసిన నమూనా, షోరూములో అమ్మకానికి పెట్టింది కాదు. అదే ఏడాది జూన్‌లో కంపెనీ రెండు వందల పెద్ద కంపెనీలుండే ఏఎస్ఎక్స్ 200 సూచీలోకి కూడా చేరింది. 2022లో దాని ఆదాయం సుమారు 50 లక్షల అమెరికా డాలర్లు. 2023లో అది రెండున్నర లక్షల డాలర్ల లోపుకు పడిపోగా, ఆ ఏడాది నష్టం రెండున్నర కోట్ల డాలర్లు దాటింది. 2025లో ఎక్కువ కాలం షేరు ఇరవై సెంట్లకు అటూ ఇటూగానే కదిలింది. ఈ అంకెలు చెప్పడం కంపెనీని నిందించడం కాదు. ఇవన్నీ కంపెనీ స్వయంగా ప్రకటించినవీ, మార్కెట్టు నమోదు చేసినవీ.

మా వీధిలో ఒక పెద్ద దంపతులున్నారు. తెనాలి పక్క నుంచి వచ్చినవాళ్లు, మా కుటుంబానికి బంధుత్వం లేకపోయినా పిన్నిగారూ బాబాయిగారూ అనే పిలుస్తాం. ఆయన ఏళ్ల తరబడి బస్సు నడిపారు, ఆమె వృద్ధాశ్రమంలో పనిచేసింది, పదవీ విరమణ డబ్బును సొంత సూపర్ ఫండుగా మార్చుకుని తామే చూసుకుంటున్నారు. నేను పన్నుల లెక్కలు చూసే పనిలో ఉన్నానని, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచి, విస్తళ్లు తీశాక బాబాయిగారు ఒక పొడుగాటి లెక్కల పుస్తకం నా ముందు పెట్టారు. మొదటి పేజీ మీద శ్రీరామ అని రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది. లోపల స్కేలుతో గీసిన నిలువు గళ్లలో ప్రతి కొనుగోలూ ఉంది: తేదీ, ఎన్ని షేర్లు, ఏ ధరకు, బ్రోకరేజీ ఎంత. ధర డాలరున్నర పైన ఉన్నప్పుడు మొదలుపెట్టి, పడిన కొద్దీ తక్కువ ధరకు ఇంకొన్ని కొని "యావరేజి" చేస్తూ వచ్చారు. కుడివైపు చివరి గడికి ఆయన "కారణం" అని పేరు పెట్టుకున్నారు. ఆ గడిలో ఒక్క వరసలో "మెర్సిడెస్" అని ఉంది. మిగతా అన్ని వరసల్లోనూ మనుషుల పేర్లే ఉన్నాయి. ఎవరు చెబితే కొన్నారో వారి పేర్లు, గౌరవంగా, గారు చేర్చి.

"వీళ్లను ఎప్పుడైనా అడిగారా బాబాయిగారూ, అమ్మకాలు ఎలా ఉన్నాయని?" అన్నాను. "ఒకాయన మా ఇంటి గృహప్రవేశానికి ముందుండి నడిపించినవాడు, ఇంకొకతను నాకు అల్లుడి వరస. ఏమని అడగను నాయనా, నమ్మలేదనుకోరూ?" అన్నారు. నా ఫోనులో కంపెనీ మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజీకి ఇచ్చే నగదు లెక్కల పత్రం, అపెండిక్స్ 4సీ, తెరిచాను. దాంట్లో 1.1 దగ్గర కస్టమర్ల నుంచి అందిన డబ్బు, 1.2 దగ్గర పరిశోధనకూ జీతాలకూ మిగతా ఖర్చులకూ పోయిన డబ్బు ఉంటాయి. 8.5 దగ్గర, ఇదే వేగంతో ఖర్చు చేస్తే ఉన్న డబ్బు ఇంకా ఎన్ని త్రైమాసికాలకు సరిపోతుందో ఒకే ఒక్క అంకెలో ఉంటుంది. పిన్నిగారు కళ్లజోడు పైకి నెట్టుకుని ఆ మూడు చోట్లా వేలు పెట్టి చూశారు. జీవితమంతా ఒక జీతంతో ఇల్లు నడిపిన మనిషికి ఎవరూ వివరించవలసిన అవసరం రాలేదు. "అంటే ఈ డబ్బు అయిపోయేలోపు వాళ్లు మళ్లీ కొత్త షేర్లు అమ్మి తెచ్చుకోవాలి. అప్పుడు మన వాటా ఇంకాస్త చిన్నదవుతుంది. అంతేగా?" అన్నారు. అంతే. ఈ కంపెనీ 2020 నుంచి ఎల్‌డీఏ క్యాపిటల్ అనే సంస్థతో చేసుకున్న ఒప్పందం సారాంశం కూడా అదే: నిధులు కావలసినప్పుడు సగటు మార్కెట్ ధర కన్నా కొంత తగ్గించి కొత్త షేర్లు ఇచ్చి డబ్బు తెచ్చుకోవడం. అమ్మకాలు ఇంకా రాని సాంకేతిక కంపెనీకి అది తప్పు కాదు, అవసరం. కానీ ఆ అవసరానికి పెట్టుబడి పెడుతున్నది తామేనని ఆ దంపతులకు ఎవరూ చెప్పలేదు.

బాబాయిగారు నన్ను పిలిచింది నష్టాన్ని పన్నులో తగ్గించుకోవచ్చేమోనని. షేర్ల మీద వచ్చిన నష్టాన్ని షేర్లో మరో ఆస్తో అమ్మినప్పుడు వచ్చే లాభంలోంచి మాత్రమే మినహాయించుకోగలమనీ, సూపర్ ఫండులో వచ్చిన నష్టం ఆ ఫండులోనే ఉండిపోతుందనీ చెప్పవలసి రావడం నాకు కష్టమైంది.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. మన వాట్సాప్ బృందాల్లో ఈ షేరు గురించి మాట్లాడుకునేవాళ్లు అమాయకులు కారు. వాళ్లలో చిప్ డిజైన్ చేసే ఇంజినీర్లున్నారు, ఓపికగా పేటెంట్లు చదివి తెలుగులో వివరించేవాళ్లున్నారు. ఈ షేరును సెంట్లలో కొని, ఎక్కినప్పుడు అమ్ముకుని, మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఇంటికి డిపాజిట్ కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సొంత చిప్పులు అమ్మడం కన్నా డిజైను లైసెన్సు ఇచ్చి ఒక్కో చిప్పు మీద రాయల్టీ తీసుకునే వ్యాపారంలో ఫలితం రావడానికి ఏళ్లు పడుతుందన్న వాళ్ల వాదన కూడా సరైనదే: జపాన్ చిప్పు కంపెనీలు రెనెసాస్ 2020లో, మెగాచిప్స్ 2021లో లైసెన్సు తీసుకున్నంత మాత్రాన మరుసటి ఏడాదే రాయల్టీ ప్రవహించదు. ఓపిక పట్టాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ బృందాల్లో లెక్క అడిగిన ప్రతివారినీ "షార్టు కొట్టినవాళ్ల మనిషి", అంటే ధర పడితే లాభపడేలా పందెం కాసినవాళ్ల మనిషి, అని ముద్ర వేసి బయటికి పంపే అలవాటు పెరుగుతోంది. ఏ కంపెనీ షేరు ఎంత మేరకు షార్టులో ఉందో మార్కెట్టును నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఏఎస్ఐసీ ప్రతి పనిదినమూ ప్రకటిస్తుంది; కొన్ని రోజుల ఆలస్యంతోనే అయినా అందరికీ అందుబాటులో ఉంటుంది. అనుమానం ఉన్నవారు ఆ పట్టిక చూడవచ్చు. సాటి మనిషి మీద నింద వేయనక్కరలేదు.

ప్రశ్న అడగడం వాటాదారుడి ద్రోహం కాదని ఈ దేశపు చట్టమే చెబుతోంది. వార్షిక సమావేశంలో యాజమాన్యపు జీతభత్యాల నివేదికకు వరసగా రెండేళ్లు నాలుగోవంతు ఓట్లు వ్యతిరేకంగా పడితే, బోర్డు సభ్యులు మళ్లీ ఎన్నికకు నిలబడాలా అన్న తీర్మానం పెట్టవలసిందే. ఇదే కంపెనీ వాటాదారులు అలా నిరసన ఓటు వేసినవాళ్లే. కంపెనీ మీద ప్రేమ ఉన్నవాళ్లే గట్టిగా అడిగారు. అంత పెద్ద సభలో అడగగలిగినది మన ఉగాది సభలో అడగకూడనిది ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు.

ఇంటి దగ్గర మనకు చీటీలు వేసుకునే అలవాటు ఉంది. ముఖం తెలిసిన మనిషి మాట మీద, వరస మీద, ఊరి పేరు మీద డబ్బు చేతులు మారేది. పిల్లల పెళ్లిళ్లూ చదువులూ అలాగే గట్టెక్కాయి. ఆ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు, నా ఇంజినీరింగు ఫీజు కూడా అలాంటి చీటీ పాడి కట్టిందే. అయితే చీటీ పెట్టిన మనిషి రేపు ఎదురుపడితే నిలదీయవచ్చు. షేరు మీద మాట ఇచ్చిన అల్లుడి వరస మనిషి దేనికీ బాధ్యుడు కాడు, కాలేడు, ఎందుకంటే ధర అతని చేతిలో లేదు. బంధుత్వం ఇచ్చే పూచీని, ఎవరూ పూచీపడలేని వస్తువు మీద మనం వాడుతున్నాం. చట్టం దృష్టిలోనూ ఇది చిన్న విషయం కాదు. లైసెన్సు లేకుండా ఆర్థిక సేవల వ్యాపారంలా సలహాలివ్వడం నేరమనీ, దానికి ఐదేళ్ల దాకా జైలుశిక్ష ఉండవచ్చనీ ఏఎస్ఐసీ 2022 మార్చిలోనే సోషల్ మీడియాలో మాట్లాడేవారిని హెచ్చరించింది. సంఘం వేదిక మీద నుంచి ఫలానా షేరు కొనమని చెప్పిన మాట ఎటు వైపు పడుతుందో తేల్చుకునే పరిస్థితి మన కార్యవర్గానికి రాకూడదు.

అందుకని కార్యవర్గానికీ సభ్యులకూ నా విన్నపం. మన పండగ వేదికల మీద ఏ ఒక్క కంపెనీ షేరునూ కొనమని చెప్పనివ్వకండి. మదుపు గురించి మాట్లాడాలని సభ్యులు కోరితే దానికి వేరే రోజు, వేరే గది ఏర్పాటు చేయండి. అక్కడ మాట్లాడే ప్రతివారూ ఆ షేరు తమ దగ్గర ఉందో లేదో ముందుగా చెప్పాలి, ఆ కంపెనీ తాజా త్రైమాసిక నివేదికను తెర మీద చూపించాలి, ప్రశ్నలకు మాట్లాడిన సమయమంత సమయం కేటాయించాలి. నివేదిక చదవడం నేర్పడానికి మనలో లెక్కలు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వస్తాను, నాతో పాటు వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లను ప్రత్యేకంగా పిలవండి, ఎందుకంటే సూపర్ ఫండులో భార్య పేరు కూడా ఉంటుంది కానీ షేర్ల మాటలు జరిగే బృందాల్లో ఆమె ఉండదు. ఈ విషయాన్ని రాబోయే సర్వసభ్య సమావేశం చర్చనీయాంశాల్లో చేర్చమని కార్యదర్శిగారికి లేఖ రాశాను. ఏకీభవించే సభ్యులు సమావేశానికి ముందే తమ పేర్లు పంపితే, చర్చకు తగినంత సమయం కేటాయించడం కార్యదర్శిగారికి సులువవుతుంది.